కదిరి నుంచి అమ్మానాన్నలు వస్తుంటే జార్జియాలో ఏం చూపించాలి?

మీరు అడిగింది ఇది: రెండు నెలల క్రితం అట్లాంటాకు ఉత్తరాన ఉన్న ఆల్ఫరెట్టాకు మారారు. పెద్దబ్బాయికి పదకొండేళ్ళు, పాపకు నాలుగేళ్ళు. కదిరి దగ్గర పల్లె నుంచి అమ్మానాన్నలు మే చివర్లో వచ్చి అక్టోబరు దాకా ఉంటారు. అమ్మగారికి మోకాళ్ళ నొప్పులు. నాన్నగారు జీవితమంతా వేరుశనగ పండించిన రైతు. జేబుకు మరీ చిల్లు పడకుండా, అందరికీ నచ్చేలా జార్జియాలో ఎక్కడెక్కడ తిప్పాలి?

నేను ఇక్కడికి వచ్చి పదిహేడేళ్ళయింది. మా పిల్లలు ఇప్పుడు నాతో ఎక్కడికీ రారు. అంచేత తిరిగి నేర్చుకున్నదంతా మీకు అప్పగించేస్తున్నాను. కాస్త పొడవుగానే ఉంటుంది, ఓపిక పట్టండి.

ముందు నేను చేసిన తప్పు చెబుతాను. మా అత్తమామలు మొదటిసారి వచ్చిన జూలైలో ఒక శనివారానికి పెద్ద పథకం వేశాను. పొద్దున అక్వేరియం, మధ్యాహ్నం కోకాకోలా ప్రదర్శనశాల, సాయంత్రం స్టోన్ మౌంటెన్. మూడో చోటికి చేరేసరికి మా అత్తగారు కారు దిగలేదు. "మీరు చూసి రండి బాబూ, నేను ఇక్కడే కూర్చుంటాను" అన్నారు. ఆ ఎండలో మనిషిని కారులో కూర్చోబెట్టి వెళ్ళే పనేనా? పార్కింగుకు కట్టిన డబ్బు అక్కడే వదిలేసి ఇంటికి తిరిగొచ్చాం. దారంతా ఎవరూ మాట్లాడలేదు. ఆ తర్వాత నుంచి మా ఇంట్లో ఒక్కటే లెక్క: రోజుకు ఒక్క చోటు, ఎనిమిదింటికల్లా బయలుదేరాలి, ఒంటిగంటకల్లా తిరిగి కారెక్కాలి.

ఒంటిగంట అని ఊరికే అనడం లేదు. కదిరి ఎండ వేరు, ఇక్కడి ఎండ వేరు. అక్కడ చెట్టు నీడకు చేరితే ప్రాణం లేచివస్తుంది. ఇక్కడ నీడలో నిలబడ్డా చొక్కా తడిసిపోతుంది, జూన్‌లో విశాఖలో ఉన్నట్టు. జూన్ నుంచి ఆగస్టు దాకా మధ్యాహ్నం దాటితే ఉరుములు, మెరుపులు మామూలే. కొండ మీదో చెరువు మధ్యలోనో ఉన్నప్పుడు అవి మొదలైతే సరదా అంతా హడలుగా మారుతుంది.

ఇంకో సంగతి. ఇక్కడి బడులు ఆగస్టు మొదటి వారంలోనే తెరుస్తారు. వేరే రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్ళకు ఇది తెలియక వేసవి ప్రణాళికలు తారుమారవుతాయి. అయితే దీనివల్ల మీకొక లాభం ఉంది. పెద్దబ్బాయి బడికి వెళ్ళిన రోజుల్లో తాతా నాయనమ్మలతో పాపను తీసుకుని మంగళవారమో బుధవారమో బయలుదేరితే చాలాచోట్ల వరుసలే ఉండవు. పెద్దవాడు తప్పకుండా ఉండాల్సినవి జూన్, జూలైలకు పెట్టుకోండి, మిగతావి ఆగస్టు తర్వాతకు.

అమ్మానాన్నలు దిగగానే నగరంలోకి తీసుకెళ్ళకండి. మొదటి ప్రయాణం ఉత్తరాన కొండల్లోకి ఉండనివ్వండి. జెట్ లాగ్‌తో వాళ్ళు ఎలాగూ నాలుగింటికే లేచి కూర్చుంటారు, ఆ మెలకువను వాడుకోవాలి. అదీగాక హెలెన్ అనే కొండ ఊరి వైపు వెళ్ళే దారిలో నాన్నగారి కోసం ఒకటి ఎదురుచూస్తూ ఉంటుంది. రోడ్డు పక్కన ఒక చిన్న బడ్డీ, అట్టముక్క మీద చేత్తో రాసిన "బాయిల్డ్ పీనట్స్". పెద్ద గుండిగల్లో ఉప్పునీళ్ళలో గంటలకొద్దీ ఉడికిన వేరుశనగకాయలు. మనవి ఒక ఉడుకు ఉడికితే దించేస్తాం, ఇక్కడ గింజ చిక్కుడుగింజంత మెత్తబడేదాకా వదలరు. ఆదోని వైపు పల్లె నుంచి వచ్చిన మా మామగారు అమెరికాలో మొదటిసారి మనస్ఫూర్తిగా నవ్వింది ఆ బడ్డీ ముందే. కాయ ఒలిచి, గింజ నలిపి, నోట్లో వేసుకుని, "ఉప్పు ఎక్కువేశాడు, కాయ మాత్రం మంచిది" అని తీర్పు చెప్పారు. కారం వేసిన కేజన్ రకం కూడా ఉంటుంది, మనవాళ్ళకు అదే నచ్చుతుంది.

ఇక జలపాతాలు. అమ్మగారి మోకాళ్ళను బట్టి వీటిని ఎంచుకోవాలి. హెలెన్ దగ్గరి ఆనా రూబీ జలపాతంలో రెండు వాగులు పక్కపక్కనే దూకుతాయి, ఒకటి 153 అడుగులు, ఇంకొకటి 50 అడుగులు. దారి అర మైలు కూడా లేదు, చదును చేసిన బాట, మధ్యమధ్య బల్లలు ఉంటాయి. అయితే వెళ్ళేటప్పుడు అంతా ఎక్కుడే. అమ్మగారు ఆగి ఆగి నడవగలిగితే సరే, లేకపోతే అమికలోలా మేలు.

అమికలోలా గురించి వినగానే భయపడతారు. 729 అడుగుల జలపాతం, పక్కనే 604 మెట్లు. అమ్మగారిని మోకాళ్ళ పర్వతం ఎక్కించినట్టు వాటిని ఎక్కించనక్కర్లేదు. పార్కు లోపలే వెస్ట్ రిడ్జ్ అనే వైపు కారు ఆపితే అక్కడి నుంచి కొద్దిపాటి దూరం దాదాపు చదునైన బాట. చక్రాల కుర్చీ కూడా వెళుతుంది. ఆ బాట నేరుగా జలపాతం మధ్యలో కట్టిన వంతెన మీదికి చేరుస్తుంది. నీళ్ళు పైనుంచి మీ కాళ్ళ కిందుగా దూకుతాయి, తుంపర ముఖానికి తగులుతుంది. మీరూ పెద్దబ్బాయీ కింది నుంచి మెట్లెక్కి వచ్చి అదే వంతెన దగ్గర వాళ్ళను కలుసుకోవచ్చు. నా మాట వింటే ఉత్తర జార్జియాలో ఒక్కటే చూడాలనుకుంటే ఇదే చూడండి. మెయిన్ రాష్ట్రం దాకా 2,000 మైళ్ళకు పైగా సాగే అపలాచియన్ కాలిబాట దక్షిణపు కొస స్ప్రింగర్ పర్వతం. దానికి చేరే దారి ఈ పార్కు నుంచే మొదలవుతుంది. బరువైన సంచులు మోస్తూ వెళ్ళేవాళ్ళు కనిపిస్తే పిల్లవాడికి చూపించండి.

టలూలా లోయ మాత్రం మీ తండ్రీకొడుకులకే. దాదాపు వెయ్యి అడుగుల లోతు, వందలకొద్దీ మెట్లు దిగితే అడుగునుంచి 80 అడుగుల ఎత్తున ఊగే వంతెన. లోయ అడుగుకు దిగాలంటే రోజుకు 100 మందికే అనుమతి పత్రాలిస్తారు, సెలవు రోజుల్లో పొద్దున్నే అయిపోతాయి. పెద్దవాళ్ళు పై అంచున నడుస్తూ లోయను చూడవచ్చు, అక్కడ బాట బాగానే ఉంటుంది. 1970 జూలైలో కార్ల్ వాలెండా అనే ఆయన ఈ లోయ మీద కట్టిన తీగ మీద అటునుంచి ఇటు నడిచాడు. అప్పటికి ఆయన వయసు 65. ఈ మాట విని మా మామగారు, "ఆయనకు మోకాళ్ళు బాగున్నట్టున్నాయి" అన్నారు.

హెలెన్ ఊరి గురించి అందరూ గొప్పగా చెబుతారు. కలప వ్యాపారం పడిపోయి ఊరు వెలవెలబోతుంటే 1969 నుంచి దుకాణాల ముఖాలన్నీ జర్మనీలోని బవేరియా పల్లెల్లా మార్చేశారు. చూడముచ్చటగా ఉంటుంది, గంట చాలు. అక్టోబరు శనివారాల్లో అటు వెళ్ళకండి, కారు ఆపడానికే గంట పడుతుంది.

డలానెగా ఊరికి మాత్రం ఒక పూట ఇవ్వండి. కాలిఫోర్నియా బంగారం కంటే ఇరవయ్యేళ్ళ ముందు, 1829 ప్రాంతంలో ఇక్కడ బంగారం కోసం జనం ఎగబడ్డారు. 1838 నుంచి 1861 దాకా ఇక్కడ నాణేల ముద్రణశాల కూడా ఉండేది. పిల్లలు పళ్ళెంలో ఇసుక కడిగి బంగారు రేణువులు వెతుక్కోవచ్చు. దొరికేది కంటికి ఆనీ ఆననంతే, అయినా మావాడు ఆ చిన్న సీసాను ఇప్పటికీ దాచుకున్నాడు. పెద్దబ్బాయికి కథ రెండో సగం కూడా చెప్పండి. ఆ నేల చెరోకీలది. బంగారం పడ్డాక వాళ్ళను ఎలాగైనా సాగనంపాలన్న ఒత్తిడి పెరిగింది. 1838లో సైన్యం వాళ్ళను ఇళ్ళలోంచి వెళ్ళగొట్టి పడమటికి తరిమింది, దారిలో వేలమంది చనిపోయారు. అమికలోలా అన్న పేరు కూడా వాళ్ళ భాష నుంచి వచ్చిందే.

ఈ పార్కుల్లో చాలావాటికి రుసుము కారుకే గానీ మనిషికి కాదు. ఆరుగురు ఎక్కినా అంతే. ఇంకో మాట, మీ గ్రంథాలయం కార్డు ఇంకా తీసుకోకపోతే ఈ వారమే తీసుకోండి. జార్జియా గ్రంథాలయాల్లో పుస్తకాలతోపాటు రాష్ట్ర పార్కుల పాస్ కూడా అరువిస్తారు. వేసవిలో దానికి వరుస ఉంటుంది, ముందుగా పేరు రాయించుకోవాలి. ఈ సంగతి నాకు నాలుగేళ్ళ తర్వాత తెలిసింది. అప్పటిదాకా కట్టిన డబ్బులు తలచుకుంటే ఇప్పటికీ బాధే.

ఇప్పుడు నగరం. అక్వేరియానికి కారులో వెళ్ళకండి. నార్త్ స్ప్రింగ్స్ స్టేషన్ దగ్గర కారు పెట్టి మార్టా రైలెక్కండి. పాపకు రైలే సగం వినోదం. దిగాక పది పదిహేను నిమిషాల నడక ఉంటుంది. అమ్మగారికి అది కష్టమనుకుంటే ఆ ఒక్క ముక్కకు టాక్సీ పిలవండి.

2005లో తెరిచిన ఈ అక్వేరియానికి డబ్బు పెట్టింది హోం డిపో స్థాపకుల్లో ఒకరైన బెర్నీ మార్కస్. పెద్ద తొట్టిలో 60 లక్షల గ్యాలన్లకు పైగా నీళ్ళు, అందులో తిమింగల సొర. మన విశాఖ తీరంలోనూ అప్పుడప్పుడు జాలర్ల వలల్లో పడి తిరిగి సముద్రంలోకి వదిలిపెట్టబడే చేప అదే. ప్రపంచంలో దానికంటే పెద్ద చేప లేదు. తొట్టి కింద గాజు సొరంగం ఉంది, కదిలే బాట మీద నిలబడితే చాలు, చేపలు తలమీదుగా ఈదుతూ పోతాయి. సొరంగం దాటాక ఒక పెద్ద గాజుగోడ ముందు చీకటి గది వస్తుంది. అక్కడ కూర్చుని అరగంట కదలకండి. జనం ఫోటో తీసుకుని పరుగెత్తుతారు గానీ అసలు చూడాల్సింది అక్కడే.

టిక్కెట్టు వెల రోజును బట్టి మారుతుంది. ముందుగా, వారం మధ్యలో కొంటే తక్కువ. లోపల చక్రాల కుర్చీ అద్దెకిస్తారు. అమ్మగారు ససేమిరా అంటారు, నాకు తెలుసు. మా అత్తగారూ "నేనేమన్నా మంచాన పడ్డానా?" అని కోప్పడ్డారు. అప్పుడు మా చిన్నదాన్ని ఆవిడ ఒళ్ళో కూర్చోబెట్టి, "పాప నడవలేకపోతోంది, మీరు కూర్చుని పట్టుకోండి" అన్నాం. మూడు గంటలు ఇద్దరూ హాయిగా చూశారు. మీ పాపకు నాలుగేళ్ళే కాబట్టి ఈ ఉపాయం మీకూ పనిచేస్తుంది.

పక్కనే ఉన్న కోకాకోలా ప్రదర్శనశాల నా లెక్కలో ఒకసారికే. 1886లో ఈ ఊళ్ళోనే పుట్టిన పానీయం, సరే. పిల్లలకు నచ్చేది చివరి గది, దేశదేశాల పానీయాలు ఎన్నయినా రుచి చూడవచ్చు. ఇటలీది బెవర్లీ అని ఒకటి ఉంటుంది, వేపచిగురంత చేదు. మా ఇంటికి ఎవరొచ్చినా దాన్ని ముందు చెప్పకుండా తాగించడం మాకొక ఆచారం.

దానికి బదులు, లేదా దానితోపాటు, మార్టిన్ లూథర్ కింగ్ జాతీయ చారిత్రక ఉద్యానానికి వెళ్ళండి. ప్రవేశం ఉచితం. సందర్శకుల కేంద్రం ముందు గాంధీగారి విగ్రహం ఉంటుంది, చేతికర్రతో నడుస్తూ. భారత సాంస్కృతిక సంబంధాల మండలి 1998లో ఇచ్చింది. కింగ్ 1959లో మన దేశం వచ్చి గాంధీగారి బాటను కళ్ళారా చూసి వెళ్ళారు. నాన్నగారు ఆ విగ్రహం ముందు ఆగిపోతారు, ఆగనివ్వండి. వీధికి ఆవల నీలపు నీళ్ళ మధ్య కింగ్ దంపతుల సమాధి, పక్కన ఆయన ప్రసంగించిన ఎబెనెజర్ చర్చి. ఆయన పుట్టిన ఇల్లు మరమ్మతులకని 2023 చివర్లో మూశారు, తెరిచారో లేదో చూసుకుని వెళ్ళండి.

చిన్నపిల్లలకు నేను మరీ మరీ చెప్పేది తోలుబొమ్మల కేంద్రం, సెంటర్ ఫర్ పపెట్రీ ఆర్ట్స్. మిడ్‌టౌన్‌లో ఉంది. 1978లో టీవీలో పేరుపడ్డ బొమ్మ కెర్మిట్ కప్ప చేత రిబ్బను కత్తిరింపజేసి తెరిచారు. ప్రదర్శన చూశాక పిల్లలు తామే ఒక బొమ్మ చేసుకుని ఇంటికి తెచ్చుకోవచ్చు. మీ నాన్నగారు చిన్నప్పుడు ఊళ్ళో రాత్రంతా తోలుబొమ్మలాట చూసినవారై ఉంటే, వెళ్ళే దారిలో ఆ కథ మనవడికి చెప్పమనండి.

స్టోన్ మౌంటెన్ సంగతి. ఒకే రాయి, చుట్టూ నేల నుంచి 825 అడుగుల ఎత్తు. భువనగిరి కొండ చూసినవాళ్ళకు వెంటనే అదే గుర్తొస్తుంది. నడక దారి ఒక మైలు, చివర్లో నిటారుగా ఉంటుంది. పెద్దవాళ్ళను తీగబండిలో పంపవచ్చు. తెల్లవారుజామున ఎక్కితే పైనుంచి అట్లాంటా భవనాలు బొమ్మల్లా కనిపిస్తాయి. కానీ కొండ ముఖాన చెక్కిన ముగ్గురు గుర్రపు రౌతులు ఎవరో పెద్దబ్బాయి అడుగుతాడు. బానిసత్వం నిలుపుకోవడానికి దేశం నుంచి విడిపోయి యుద్ధం చేసిన దక్షిణాది నాయకులు. ఆ చెక్కడం పూర్తయింది 1972లో, అంటే కింగ్ హత్య జరిగిన నాలుగేళ్ళకు. తెల్లముసుగుల జాతివిద్వేష ముఠా కూ క్లక్స్ క్లాన్ 1915లో మళ్ళీ ప్రాణం పోసుకున్నదీ ఈ కొండ మీదే. నేను పిల్లలకు రెండూ చూపించాను, కింగ్ సమాధి ఒక వారం, ఈ కొండ మరో వారం. వాళ్ళు అడిగిన ప్రశ్నలకు నా దగ్గర సగమే జవాబులున్నాయి.

నీళ్ళ విషయంలో మాత్రం నేను కఠినంగా చెబుతాను. లానియర్ చెరువు మీ ఇంటికి దగ్గరే, పుట్టినరోజులూ వనభోజనాలూ అక్కడే జరుగుతాయి. 1950లలో బ్యూఫర్డ్ ఆనకట్ట కట్టి ముంచిన లోయ అది. ఒడ్డు నుంచి నాలుగడుగులు వేస్తే అయిదో అడుగుకు నేల ఉండకపోవచ్చు. ప్రతి వేసవిలో మునిగిపోయినవాళ్ళ వార్తలు వింటాం. ఈత వచ్చినా సరే లైఫ్ జాకెట్ తొడగండి, సరిగ్గా సరిపోయేది కొనండి. ఆనకట్ట కింద చటహూచీ నది ఇంకా మోసకారి. చెరువు అడుగు నుంచి వదిలే నీళ్ళు కాబట్టి జూలైలో కూడా ఒళ్ళు కొంకర్లు పోయేంత చల్లగా ఉంటాయి. నీళ్ళు వదిలేముందు సైరన్ మోగుతుంది. అది వినబడితే చెప్పులు వదిలేసైనా ఒడ్డెక్కండి, నీటిమట్టం నిమిషాల్లో పెరుగుతుంది. పాపను తడపాలనుంటే ఆల్ఫరెట్టా, కమింగ్ ఊళ్ళ పార్కుల్లో నీళ్ళు చిమ్మే ఆటస్థలాలు ఉన్నాయి, అవి చాలు.

గుడుల గురించి మీకు చెప్పనక్కర్లేదు గానీ, రివర్‌డేల్ వెంకటేశ్వరస్వామి గుడి విమానాశ్రయం వైపుంది. ఎవరినైనా ఎక్కించడానికి వెళ్ళిన రోజున కలుపుకోండి. లిల్‌బర్న్ స్వామినారాయణ మందిరం పాలరాతి పని చూడటానికైనా వెళ్ళాలి. రాయి ఇటలీ, టర్కీ, రాజస్థాన్‌లది. చెక్కింది మన దేశంలో, పేర్చింది ఇక్కడ.

సముద్రం చూపించాలంటే దగ్గరలో లేదు, రెండు రాత్రులైనా కావాలి. సవానా నాలుగు గంటలకు పైనే ప్రయాణం. 1733లో గళ్ళు గీసినట్టు కట్టిన ఊరు, పాత చతురస్రపు తోటల్లో 22 ఇంకా ఉన్నాయి. ఓక్ చెట్ల నుంచి బూడిదరంగు జటల్లా వేలాడేదాన్ని స్పానిష్ నాచు అంటారు. అది స్పెయిన్‌దీ కాదు, నాచూ కాదు, అనాస కుటుంబపు మొక్క. పగలు చెట్ల కింద బల్లల మీద కూర్చోవడమే అక్కడ పని, అమ్మగారికి ఇది హాయి. అక్కడి నుంచి టైబీ దీవి అరగంట.

నాకు మాత్రం ఇంకాస్త దక్షిణాన ఉన్న జెకిల్ దీవి ఇష్టం. అక్కడ గాయపడ్డ సముద్రపు తాబేళ్ళకు వైద్యం చేసే కేంద్రం ఉంది. తొట్టెల్లో ఒక్కొక్క రోగికీ పేరు, జబ్బు రాసి ఉంటాయి, పిల్లలు వరుసగా చదువుకుంటూ వెళతారు. మే నుంచి ఆగస్టు దాకా లాగర్‌హెడ్ తాబేళ్ళు రాత్రిపూట ఒడ్డెక్కి గుడ్లు పెడతాయి. మన కోస్తాలో ఆలివ్ రిడ్లీలు శీతాకాలంలో వచ్చినట్టే. రాత్రి తీరం మీద ఫోను దీపం కూడా వెలిగించకూడదు, ఈ మాట పిల్లలకు ముందే చెప్పి పెట్టండి. ఓకెఫెనోకీ చిత్తడి అడవినీ మొసళ్ళనూ ఇదే ప్రయాణంలో చూడవచ్చని కొందరు అంటారు. వేసవిలో వద్దు, దోమలు మనల్ని చూస్తాయి. మార్చిలో మీరు నలుగురే వెళ్ళండి.

తినడానికి పులిహోర, పెరుగన్నం, ఒక చల్లపెట్టె కారులో ఉంటే సగం కష్టాలు ఉండవు. పార్కుల్లో బల్లలు ఉంటాయి, మన ఊరగాయ వాసనకు ఎవరూ ఏమీ అనుకోరు.

ఇక ఆఖరిది, నాన్నగారి కోసం. తిరుగు ప్రయాణం అక్టోబరులో అన్నారు కాబట్టి సెప్టెంబరు చివరి శనివారం దీనికి అట్టిపెట్టండి. అమెరికా వేరుశనగలో దాదాపు సగం ఈ రాష్ట్రంలోనే పండుతుంది, అదంతా దక్షిణ జార్జియాలో. ఇంటి నుంచి మూడు గంటలు వెళితే ప్లెయిన్స్ అనే చిన్న ఊరు, ఒకప్పటి అమెరికా అధ్యక్షుడు జిమ్మీ కార్టర్‌ది. ఆయన పెరిగిన పొలం, చదివిన బడి, 1976 ఎన్నికల ప్రచారం నడిపిన రైలు స్టేషన్ అన్నీ ఉచితంగా చూడవచ్చు. పళ్ళికిలించి నవ్వే 13 అడుగుల వేరుశనగకాయ బొమ్మ దగ్గర పిల్లలు ఫోటో దిగుతారు. వేరుశనగ ఐస్‌క్రీం కూడా దొరుకుతుంది. వెళ్ళేటప్పుడో వచ్చేటప్పుడో వార్మ్ స్ప్రింగ్స్‌లో మరో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఇల్లు చూడండి. పోలియోతో కాళ్ళు పడిపోయిన ఆయన గోరువెచ్చని ఊటనీళ్ళ కోసం అక్కడికి వచ్చేవారు, 1945 ఏప్రిల్‌లో అక్కడే కన్నుమూశారు.

అయితే మేం వెళ్ళినప్పుడు మా మామగారు ఇవేవీ సరిగా చూడలేదు. ఊరికి చేరకముందే రోడ్డు పక్క పొలంలో యంత్రం చెట్లను పెరికి, కాయలు పైకి వచ్చేలా తిరగేసి వరుసలుగా పరుచుకుంటూ పోతోంది. కారు ఆపమన్నారు. గట్టున నిలబడి చాలాసేపు చూశారు. ఇంతలో ట్రాక్టరు దిగి ఒక పెద్దాయన వచ్చి, ఏమైనా కావాలా అని అడిగాడు. మా మామగారు నన్ను దుబాసీగా పెట్టుకుని ఎకరాకు దిగుబడి ఎంత అన్నారు. రెండు టన్నులు దాటుతుందన్నాడు. ఈయన ఒకసారి నా వైపు చూశారు, నేను సరిగ్గా చెప్పానా అన్నట్టు. తర్వాత నీళ్ళెక్కడివి, విత్తనమేమిటి, ఆకుమచ్చ తెగులు వస్తే ఏం కొడతారు అని అరగంట మాటలు. ఆ పెద్దాయన ఒక చెట్టు పీకి ఈయన చేతిలో పెట్టాడు. ఈయన కూర్చుని కాయలు లెక్కపెట్టారు. పిల్లలు ఐస్‌క్రీం అని గోల చేస్తుంటే, "ఉండండ్రా" అని మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టారు.

పొలంలోకి అడక్కుండా దిగకండి, గట్టు మీద నిలబడండి. ఎవరో ఒకరు పలకరిస్తారు. కదిరి-6 రకం పేరు మాత్రం ఇంగ్లీషులో ఎలా వివరించాలో ముందే అనుకుని వెళ్ళండి, నాన్నగారు తప్పకుండా ఆ మాట ఎత్తుతారు.